గూడూరు సీమ: ఎల్లలును వోట్లును

నియోజకవర్గ మనునది పటముపై గీసిన గీత మాత్రమే యని మనలో ననేకులు తలంచుచున్నారు. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ గీతను జ్ఞప్తికి దెచ్చుకొని, వోటు వేసి, వ్రేలిపై సిరాచుక్క మాయకమునుపే దానిని మరచిపోవుట మనకు వాడుక యైనది. కాని ఆ గీతకు ఈ వైపున నున్నవాని గోడు ఒక సభ్యుడు వినవలెను. ఆ వైపున నున్నవాని గోడు వేరొకడు వినవలెను. చెరువు ఒక వర్గమునను ఆయకట్టు వేరొక వర్గమునను పడినచో, కాలువ పూడిక తీయించు పూచీ ఎవ్వరిది? ఎల్ల గీయువాని కలమునకు నాగలికంటె నెక్కువ బలము గలదు. నాగలి పొలమును దున్నును. ఆ కలము పొలమెవ్వరి పాలుకావలెనో నిర్ణయించును.

అట్టి కలము మరల కదలు కాలము సమీపించుచున్నది. రాజ్యాంగమునకు జరిగిన 84వ సవరణ శాసనసభల, లోకసభయొక్క స్థానముల సంఖ్యను 2026 తరువాత జరుగు మొదటి జనగణన వరకు కదలింపరాదని నిలిపివేసెను. ఆ గడువు తీరుచున్నది. జనగణన 2027లో జరుపుటకు నిశ్చయమైనది. కావున గూడూరు పట్టణమునందును, కోట, వాకాడు, చిల్లకూరు, చిట్టమూరు గ్రామములందును పఠనమందిరములలో కూర్చుండు మహాశయులు తమ సీమ యెట్టిదో, దాని వోటు చరిత్ర యెట్టిదో ఒకమారు తలపోసికొనుట కిది తగిన సమయమని మా విశ్వాసము.

మొదట ఈ సీమ స్వరూపమును చూతము. ఆంధ్రప్రదేశ శాసనసభయందలి 175 స్థానములలో గూడూరు 120వది. గూడూరు, చిల్లకూరు, కోట, వాకాడు, చిట్టమూరు అను నైదు మండలములు ఇందు గలవు. ఇది తిరుపతి లోకసభ స్థానమున నొక భాగము. ఆ స్థానమువలెనే ఇదియు షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడినది. పడమట పట్టణము, తూర్పున సముద్రము, నడుమ మాగాణియు ఇసుకమేటలును. సీమయంతయు ఇంతే యని చెప్పవచ్చును. కాని ఈ మూడు పట్టెలలో నివసించు జనుల బ్రదుకులు మూడు వేర్వేరు లోకములవలె నున్నవి.

పట్టణము రైలుకు పుట్టిన బిడ్డ. చెన్నపట్టణమునుండి వచ్చు పెద్దలైను ఇచ్చట రెండుగా చీలి, ఒకటి నెల్లూరు మీదుగా విజయవాడకును, వేరొకటి వేంకటగిరి, శ్రీకాళహస్తుల మీదుగా రేణిగుంటకును పోవుచున్నది. విజయవాడ డివిజనును చెన్నపట్టణపు డివిజనును కలియుచోటు గూడూరే. చెన్నపట్టణ మిచ్చటికి నూటనలుబది కిలోమీటర్లకు మించిన దూరము కాదు. కావున ఈ యూరు నెల్లూరునకు తోబుట్టువైనను మదరాసునకు పొలిమేర యూరుగ పెరిగినది. మన నిమ్మకాయలు ఆ రైలుమార్గముననే, ఆ పెద్దబాటవెంటనే పరదేశములకు పోయినవి. గూడూరు నిమ్మకాయల మండీలో ఉదయమున పలికిన ధర పడమటి మెట్టతోటల రైతు సాయంకాలపు కూటిని నిర్ణయించును. ఒకప్పుడు అభ్రకపు గనులవలన గూడూరు పేరు సముద్రములు దాటినది. కాని చిత్రము చూడుడు: ఆ గనులకు పేరువడిన సైదాపురపు ప్రాంతము గూడూరు పొరుగుననే యున్నను ఈ నియోజకవర్గమున లేదు, అది వేంకటగిరి వర్గమున జేరినది. గని యొక సభ్యునిది, గని పేరు మోసిన పట్టణము వేరొక సభ్యునిది!

తూర్పునకు పోయినకొలది నేల మారును. స్వర్ణముఖి తిరుపతి కొండల క్రిందినుండి వచ్చి, వాకాడు ఆనకట్ట దాటి, ఈ సీమలోనే సముద్రమును జేరుచున్నది. అచ్చటి మాగాణి వరిపంటకు పేరొందినది. దానికి తూర్పున తీరమువెంట బకింగుహాము కాలువ. ఆవల ఇసుక తిన్నెలు. వానిపై పట్టపువారి పల్లెలు. దక్షిణమున పులికాటు సరస్సు ఉత్తరపు కొన. చిల్లకూరు, కోట, వాకాడు మండలములలోని తెల్లని ఇసుక గాజు పరిశ్రమకు కావలసిన సిలికా. రొయ్యలగుంటలు వచ్చిన తరువాత ఒకచోట ధనమును, వేరొకచోట ఉప్పుదేరిన బావినీరును కానవచ్చుచున్నవి. ఎవ్వరి కేది దక్కినదో మా పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ తీరమునకు చరిత్రయును కొఱత కాదు. వాకాడు మండలములోని దుగరాజపట్టణమే ఆంగ్లేయుల పత్రములందలి ఆర్మగాన్. మదరాసు కోట పుట్టకమునుపే, 1626 ప్రాంతమున, ఇంగ్లీషు వర్తకులిచ్చట గిడ్డంగి కట్టుకొనిరి. 1639లో చెన్నపట్టణపు నేల వారికి దొరకగా దీనిని విడిచిపోయిరి. నాలుగువందల యేండ్ల తరువాత మరల ఆ పేరు శాసనమున కెక్కినది. 2014 నాటి ఆంధ్రప్రదేశ పునర్వ్యవస్థీకరణ చట్టపు 13వ షెడ్యూలులో, దుగరాజపట్టణమున క్రొత్త మహానౌకాశ్రయము నిర్మింపబడుననియు, మొదటి దశ 2018 చివరకు ముగియుననియు వ్రాయబడెను. 2018 వచ్చెను, పోయెను. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రము సమీపముననున్నదనియు, పులికాటు పక్షుల కపాయమనియు కారణములు చెప్పబడినవి. అవి సత్యమే కావచ్చును. కాని శ్రీహరికోటయు పులికాటును చట్టము వ్రాసినప్పుడును అచ్చటనే యున్నవి గదా! పార్లమెంటు శాసనమున వ్రాసిన వాగ్దానము నెరవేరకున్నప్పుడు ఐదు మండలముల జనులు ఎవ్వరి నడుగవలెను? ఈ ప్రశ్నయే మనలను వోటు చరిత్రలోనికి గొనిపోవుచున్నది.

మన పెద్దలకు వోటు పుట్టుకతో వచ్చినది కాదు. 1919 చట్టము క్రింద 1920లో జరిగిన చెన్నరాజధాని శాసనమండలి ఎన్నికలలో వోటు ఆస్తిగలవాని సొత్తు. శిస్తు కట్టనివానికి రాజ్యమున మాట లేదు. 1935 చట్టము క్రింద 1937లో జరిగిన ఎన్నికలలో వోటర్ల సంఖ్య పెరిగినను, బ్రిటిషు ఇండియా యంతటను మూడుకోట్లకు కొంచెము మించిన వారికే ఆ హక్కు కలిగెను. ఆ యెన్నికలలో చెన్నరాజధాని శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసు గెలిచెను. తుదకు 1951–52 ఎన్నికలలో, ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి స్త్రీ పురుషునకును ఆస్తితోను అక్షరముతోను నిమిత్తము లేకుండ వోటు లభించెను. పదియేడు కోట్లకు మించిన వోటర్లు! కూలివాడును జమీందారును ఒకే వరుసలో నిలిచిన దినమది. ఆ దినమునకై చెరసాలల పాలైనవారి ఋణము ఈ సీమ ఇంకను తీర్చుకొనలేదు.

ఆ తొలి ఎన్నికలలో మనము మదరాసు శాసనసభకు వోటు వేసితిమి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రావతరణము జరిగినవి. 1955లో ఆంధ్రశాసనసభకు వోటు వేసితిమి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మేర్పడినను, 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణమున మాత్రమే జరిగినవి; 1955లో ఎన్నికైన మన సభ్యులు 1962 వరకు కొనసాగిరి. పదియేండ్లలో మూడు రాజ్యవ్యవస్థలను చూచిన వోటర్లు దేశమున అరుదు. రాజధాని మదరాసునుండి కర్నూలునకును, అచ్చటినుండి హైదరాబాదునకును పోయినది. గూడూరు రైలు మాత్రము కదలక అచ్చటనే నిలిచినది.

ఇక మన కన్నులయెదుట జరిగిన చరిత్ర. 1985 మొదలు 2024 వరకు తొమ్మిదిమారులు ఈ సీమ శాసనసభకు ప్రతినిధిని పంపెను. 1985లో తెలుగుదేశము పక్షమున బల్లి దుర్గాప్రసాదరావు, 1989లో కాంగ్రెసు పక్షమున పాత్ర ప్రకాశరావు, 1994, 1999లలో మరల దుర్గాప్రసాదరావు, 2004లో మరల ప్రకాశరావు, 2009లో మరల దుర్గాప్రసాదరావు, 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున పాశం సునీల్ కుమార్, 2019లో ఆ పక్షమునుండియే వెలగపల్లి వరప్రసాదరావు, 2024లో తెలుగుదేశము పక్షమున మరల సునీల్ కుమార్ గెలుపొందిరి. తొమ్మిది ఎన్నికలు, నలువురు మనుష్యులు! ఆ నలువురిలో స్త్రీ యొక్కతెయు లేదు.

ఈ పట్టికను ఊరకే చదివి విడువరాదు; కొంచెము నిదానించి చూడవలెను. 1985, 1994, 1999, 2024 సంవత్సరములలో తెలుగుదేశము రాష్ట్రమున గెలిచెను, గూడూరునను గెలిచెను. 1989, 2004లలో కాంగ్రెసు రాష్ట్రమున గెలిచెను, గూడూరునను గెలిచెను. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు విషయమును అంతే. అనగా తొమ్మిదింట ఏడుమారులు గూడూరు రాష్ట్రము నడిచిన దారినే నడిచినది. ఎదురునడిచినది రెండేమారులు: 2009లోను, 2014లోను. 2014లో ప్రతిపక్షమున గెలిచిన సభ్యుడు 2016లో అధికారపక్షమున జేరెను. అనగా గూడూరు ఎదురు చెప్పినప్పుడు, ఆ ఎదురుమాట పూర్తిగ అయిదేండ్లైన సభలో వినబడలేదు.

దీనిని బట్టి కొందరు, "గూడూరువారు గాలివాటమునకు వోటు వేయుదురు" అని పరిహసింతురు. మేమట్లు తలంపము. నిమ్మతోట రైతును, గాజుఇసుక మోయు కూలివానిని, వల వేయు పట్టపువానిని అడిగి చూడుడు. ప్రభుత్వము ఒకరిదై సభ్యుడు వేరొకరివాడైనచో దారి రాదు, వంతెన రాదు, నీటితొట్టి రాదు అని వారు అనుభవమున నేర్చుకొన్నారు. తప్పు వోటరుది కాదు. పక్షమును చూచి పనులు పంచిపెట్టు పద్ధతిది. ఆకలిగొన్నవానిని అన్నమువైపు నడచినాడని నిందింపవచ్చునా?

పైగా గాలి ఎటునుండి పుట్టునో కూడ గమనింపవలెను. 1994 నాటి గాలి నాయకుల ఉపన్యాసములనుండి పుట్టలేదు. అది నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలనుండి పుట్టినది. సారా అంగడుల నెదిరించి, 1992లో సారా పాటలను సాగనీయక, వారు లేవదీసిన ఉద్యమము ఒక్క జిల్లాతో నాగలేదు. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధ వాగ్దానము గెలిచెను. ఆ నిషేధము 1997లో సడలిపోయినది వేరు సంగతి. కాని నెల్లూరు సీమ స్త్రీ తన వోటుతో రాష్ట్రమును కదలించినదను మాట చరిత్రనుండి ఎవ్వరును చెరపలేరు. గాలికి కొట్టుకొనిపోయినవారు వీరా, గాలిని పుట్టించినవారు వీరా?

మఱియొక చిక్కుముడి కలదు. దానిని గూర్చి పత్రికలు మెల్లగ మాటలాడును. మేము బిగ్గరగ మాటలాడదలచితిమి. ఈ స్థానము నాలుగు దశాబ్దములకు పైగ షెడ్యూల్డు కులములవారిది. అది న్యాయమే, అందు మాకు సందేహము లేదు. ఆ న్యాయము వెనుక 1932 సెప్టెంబరు 24 నాటి పూనా ఒడంబడిక గలదు. అంతకుముందు బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించిన తీర్పులో రాష్ట్ర శాసనసభలందు అణగద్రొక్కబడిన జాతులకు 71 స్థానములుండగా, గాంధీ మహాత్ముని ఉపవాసదీక్షలో డాక్టరు అంబేద్కరును ఇతర నాయకులును కుదుర్చుకొన్న ఆ యొడంబడిక వానిని 148 చేసెను; అందు చెన్నరాజధానికి 30. ప్రత్యేక వోటర్ల జాబితాలు పోయి అందఱును కలిసి వోటు వేయుట నిశ్చయమైనది. కాని అందొక నియమము మనము మరచితిమి. ప్రత్యేకింపబడిన ప్రతి స్థానమునకు మొదట ఆ జాతుల వోటర్లే తమలో తాము నలుగురిని ఎన్నుకొనవలెను. ఆ నలుగురిలో నొకనిని తరువాత అందఱును కలిసి ఎన్నుకొనవలెను. అభ్యర్థి యెవ్వరను తొలిమాట ఆ జనులదే! స్వతంత్ర భారత రాజ్యాంగమున ఆ తొలిమెట్టు లేదు. స్థానము మిగిలినది, తొలిమాట మిగులలేదు.

దాని ఫలమేమి? ప్రత్యేక స్థానమున నిలుచువా డొకడు, నిలిపెడువాడు వేరొకడు. అభ్యర్థిత్వ పత్రము హైదరాబాదుననో అమరావతిననో తయారగును. మండలములలోని పెద్ద రైతులు, గుత్తేదారులు, పూర్వపు పదవులవారు తల యూపిన పిదప అది పల్లెకు వచ్చును. ఈ సీమలోని వాకాడులోనే పుట్టిన నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు 1990 డిసెంబరునుండి 1992 అక్టోబరు వరకు రాష్ట్రమునకు ముఖ్యమంత్రులుగ నుండిరి. వారు శాసనసభకు 1989లో గెలిచినది వేంకటగిరినుండి. సొంత మండలము ప్రత్యేక స్థానమున నుండుటచే నాయకుడు పొరుగువర్గమున నిలుచుట ఇట్టి సీమలందు వింత కాదు. నాయకత్వము ఒక వర్గమున, ప్రాతినిధ్యము వేరొక వర్గమున నుండుటయే ఇచ్చటి చిత్రము. మేమొక వ్యక్తిని గాని కుటుంబమును గాని నిందించుట లేదు. రాజ్యాంగము దళితునకిచ్చిన కుర్చీ నిజముగ అతనిదే కావలెను. వెనుక నిలిచినవారి చేతినీడ దానిపై పడరాదు అని మాత్రమే మా మనవి.

పక్షములు మారుట కూడ ఇందుండియే పుట్టుచున్నది. తెలుగుదేశమున నాలుగుమారులు గెలిచిన దుర్గాప్రసాదరావుగారు 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున తిరుపతి లోకసభ సభ్యులైరి. 2020 సెప్టెంబరు 16న కరోనా వ్యాధికి బలియైరి. 2021 ఏప్రిల్ 17న ఉపఎన్నిక జరిగి అదే పక్షమునుండి మద్దిల గురుమూర్తి గెలిచిరి. 2014లో తిరుపతి లోకసభ సభ్యులై, 2019లో గూడూరు శాసనసభ్యులైన వరప్రసాదరావుగారు 2024లో భారతీయ జనతాపక్షమున లోకసభకు నిలిచి ఓడిరి. సునీల్ కుమారుగారు ఒక పక్షమున గెలిచి, వేరొక పక్షమున గెలిచిరి. ప్రజలు తలుపుతట్టి పిలిచిన సభ్యుడు ప్రజలకు లెక్క చెప్పును. పక్షము పిలిచిన సభ్యుడు పక్షమునకు చెప్పును. పక్షము పిలువకున్నచో వేరొక పక్షమును వెదకును. 1985లో వచ్చిన 52వ సవరణ ఫిరాయింపులకు అడ్డుకట్ట యని చెప్పిరి. 2014 తరువాత మన సభలో పక్షము మారినవారిపై దాఖలైన అర్జీలు సభ ముగియు వరకు తీర్పుకు నోచుకొనలేదు. కట్ట కట్టితిమి, తూము తాళపుచెవి మాత్రము సభాపతిచేతి కిచ్చితిమి.

మేము వకీలు వృత్తిలో నుండుటచేతను, వోటర్ల జాబితాలు సరిచేయు సేవాదళమున తిరుగుటచేతను ఒక మాట స్వానుభవమున చెప్పగలము. కాలువగట్టున నున్న యానాదుల గుడిసెల కొకమారు పోయితిమి. జాబితాలో పేరున్నవారు కొందరే. ఒక ముసలమ్మను, "అమ్మా, నీ పేరేల లేదు?" అని అడిగితిమి. ఆమె యిట్లనెను: "ఇంటికి నంబరు లేదన్నారు సామీ. మాకు ఇల్లే లేదు, నంబరు యాడనుంచి తెచ్చేది?" ఆమెకు బదులు చెప్పుటకు మాకు కొంతసేపు నోరు రాలేదు. చట్టమేమో స్పష్టముగనే యున్నది. సామాన్యముగ నివసించుచోటనే వోటు; ఇల్లు లేనివాడు రాత్రి ఎచ్చట పరుండునో అచ్చటికి అధికారి పోయి చూచి పేరు వ్రాసికొనవలెను; కాగితపు నిదర్శనము అక్కరలేదు. చట్టము ఆమె గుడిసె వరకు వచ్చినది. అధికారి మాత్రము బాటమీదనే నిలిచిపోయెను. నెల్లూరువారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు, నేరస్థజాతు లనబడినవారి మెడనుండి ఆ చట్టపు త్రాడు ఊడదీయుటకు జీవితమును ధారపోసిరి. 1952లో ఆ చట్టము రద్దయినది. త్రాడు తీసిన తరువాత వోటు చేతికీయకున్నచో ఆ పని సగము పనియే.

ఇప్పుడు జిల్లా సంగతి. 2022 ఏప్రిల్ 4న క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు గూడూరును నెల్లూరునుండి తీసి తిరుపతి జిల్లాలో జేర్చిరి. లోకసభ స్థానమునకొక జిల్లా యనునది నియమమని చెప్పిరి. నియమమైనచో అందఱికిని నియమమే కావలెను. తిరుపతి లోకసభ స్థానములోనిదే యైన సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోనే యుంచబడెను. గూడూరు ప్రక్కనున్న సైదాపురమును నెల్లూరుననే నిలిచెను. నెల్లూరు మన కైదామడల లోపు. నలుబది కిలోమీటర్లు లేదు. తిరుపతి అంతకు రెట్టింపునకు పైన. న్యాయస్థానముల జిల్లా ఎల్లలు వెంటనే మారలేదు గనుక, కలెక్టరుకొఱకు ఒక దిక్కునకు, జిల్లా జడ్జీకొఱకు వేరొక దిక్కునకు పోవుట మన పాలబడినది. 2025లో ప్రభుత్వము మంత్రుల సంఘమును వేసి జిల్లాల ఎల్లలను మరల విచారణకు గైకొనుటయే, 2022 నాటి పని తొందరపడి చేసినదని చాటుచున్నది. జనుల నడుగకుండ గీసిన గీత ఎన్నడును నిలువదు.

ఈ పాఠము రానున్న నియోజకవర్గ పునర్విభజనకు మిక్కిలి యవసరము. పునర్వ్యవస్థీకరణ చట్టపు 26వ విధి మన శాసనసభ స్థానములను 175నుండి 225కు పెంపవలెనని చెప్పుచున్నది. అది రాజ్యాంగపు 170వ అధికరణమునకు లోబడి యుండుటచే జనగణనకు ముందు సాధ్యము కాదని సుప్రీముకోర్టు 2025 జూలైలో తేల్చినది. స్థానములు పెరిగినచో గూడూరు ఎల్లలు తప్పక మారును. స్త్రీలకు మూడవవంతు స్థానములను, షెడ్యూల్డు కులముల స్థానములలోను మూడవవంతును ప్రత్యేకించు 2023 నాటి 106వ సవరణయును పునర్విభజనతోనే ముడివడినది. శాసనసభలలో షెడ్యూల్డు కులములకు స్థానములుంచు గడువే 2030 జనవరి వరకు గలదు. ఇన్ని నిర్ణయములు ఒక్కమారుగ మనపై వచ్చి పడనున్నవి.

ఇందొక న్యాయసూక్ష్మము గలదు. 2002 నాటి పునర్విభజన చట్టము క్రింద పనిచేసిన సంఘము తన ప్రతిపాదనలను ప్రకటించి, ఆక్షేపణలు స్వీకరించి, బహిరంగ విచారణలు జరుపవలసి యుండెను. వర్గము కుదురుగ నుండవలెను. నదులు, బాటలు, పాలనయెల్లలు, జనుల సౌకర్యము చూడవలెను. ఇవి మంచి నియమములే. కాని తుది ఆజ్ఞ ప్రకటింపబడిన పిదప న్యాయస్థానపు తలుపు దాదాపు మూసియుండును. 1966లో మేఘరాజ్ కొఠారీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఆ యాజ్ఞకు చట్టముతో సమానమైన బలమున్నదని చెప్పెను. మా కక్షిదారులకు మేమెన్నడును చెప్పు మాట యొకటి గలదు: గడువు దాటిన అర్జీ కంటె కన్నీరు నయము, దానికి స్టాంపు ఖర్చైన నుండదు. ఆక్షేపణ తెలుపవలసిన కాలమున నిద్రించి, ఆజ్ఞ వెలువడిన తరువాత బందులు, రాస్తారోకోలు చేసి ప్రయోజనము లేదు.

కావున మహాజనులకు మా సూచనలివి. మొదటిది, పట్టణమును తీరమును విడదీయరాదని మనము ముక్తకంఠముతో కోరవలెను. చిల్లకూరు, కోట మండలములలో కృష్ణపట్టణపు పారిశ్రామికపురికి 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వము అనుమతి నొసగెను. 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. దుగరాజపట్టణమున నౌకానిర్మాణపు మాటయు వినబడుచున్నది. పొగగొట్టములు తీరమున లేచును. ఆ తీరమునకు ఆసుపత్రియు, కళాశాలయు, రైలును గూడూరే. భూమి కోల్పోవువాడును, ఉద్యోగము కోరువాడును, చెడిన నీటికై మొఱపెట్టువాడును ఒకే సభ్యుని నిలదీయగలుగవలెను. బాధ్యత రెండుగ చీలినచో ఇద్దరును తప్పించుకొందురు.

రెండవది, సైదాపురమును గూర్చి చర్చింపవలెను. అభ్రకమునకును నిమ్మకును గూడూరే అంగడి యగుచుండ, ఆ గ్రామములు ఏ వర్గమున నుండవలెనో ఆ గ్రామస్థులనే అడుగుట ధర్మము. మనము వారి తరపున నిశ్చయింపరాదు. మనల నడుగక జిల్లా మార్చినవారి తప్పునే మనము చేసినవారమగుదుము.

మూడవది, యానాదివాడలలోను పట్టపు పల్లెలలోను పేరులేని వోటరు ఒక్కడును మిగులరాదు. లెక్కలోనికి రానివానికి ఎల్ల యెచ్చట గీసిన నేమి? జనగణనలోను వోటర్ల జాబితాలోను వారి పేర్లు వ్రాయించుట ప్రతి పఠనమందిరము తన పనిగ గైకొనవలెను. అక్షరము వచ్చిన పదిమంది యువకులు ఒక్కొక్క వాడను దత్తు గైకొన్నచో ఒక వేసవిలో ముగియు పని యిది.

నాలుగవది, ప్రత్యేక స్థానపు అభ్యర్థులను పక్షములు నిశ్చయించునప్పుడు, పూనా ఒడంబడికలోని ఆ తొలిమెట్టును తమంతట తామైన పాటింపవలెనని అన్ని పక్షములను కోరుచున్నాము. దళితవాడల సభ్యులను సమావేశపరచి, నలుగురి పేర్లు వారినుండి గైకొని, అందొకనిని గాని ఒకతెను గాని నిలుపుటకు ఏ చట్టము అడ్డువచ్చును? రాజ్యాంగసవరణ అక్కరలేదు; సంకల్ప మొక్కటి చాలును. దీనికి ఒప్పుకొను పక్షమేదో, ముఖము చాటువేయు పక్షమేదో వచ్చు ఎన్నికలకు ముందే తెలిసికొనుట వోటరుకు మేలు.

రెండు లక్షలకు మించిన వోటర్లు గల సీమ యిది. మూడువైపులకు రైలు పోవు కూడలి యిది. ఎవ్వరెవ్వరో ఎక్కి దిగి పోవుచుండ, వేదికపై నిలిచి చూచుచుండుట మన కలవాటైనది. ఇకనైన పెట్టెలోనికి ఎక్కవలెను. పునర్విభజన సంఘము వచ్చు దినమున గూడూరు మహజరు సంతకములతో సిద్ధముగ నుండవలెను. అందు మొదటి వ్రేలిముద్ర ఆ కాలువగట్టు ముసలమ్మది కావలెనని మా కోరిక.